ఇల్లరికపు అల్లుడి మెట్టుపీటలు

అసారి తమోత్సు పుట్టుకతో అసారి కాదు. ఓగా తీరంలో హతహత అనే చేపలు పట్టే ఫునాకి వాళ్ళ మూడో కొడుకు. యోనెషిరో నది పక్కనున్న ఈ ఊరికి ఇరవయ్యారేళ్ళ వయసులో ఇల్లరికం వచ్చి, పెళ్ళితో పాటే ఇంటిపేరూ మార్చుకున్నాడు. మగపిల్లలు లేని అసారి వాళ్ళకి బియ్యం కొట్టు నడిపే మనిషి కావాలి. మూడో కొడుక్కి ఉండడానికో ఇల్లు కావాలి. అందులో వింతేమీ లేదు, ఊళ్ళో అలాంటి కుటుంబాలు ఇంకా ఉన్నాయి. చిక్కల్లా ఒకటే. మామగారు గెన్‌షిచి ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చుకోవలసి వచ్చినందుకు మర్నాటి నుంచే ఆ అల్లుడి మీద పగబట్టాడు.

పెళ్ళయిన మర్నాడు పొద్దున్న అన్నం గిన్నె ముందు కూర్చోగానే ఆయన అన్న మొదటి మాట ఇది.

"కొట్లోకి వచ్చేముందు చేతులు బాగా తోముకోవయ్యా. బియ్యం వాసన పీల్చుకుంటాయి. చేపల కంపు ఒకసారి పట్టిందంటే బస్తా బస్తా పారబోసుకోవాలి."

తమోత్సు వెళ్ళి చేతులు తోముకొచ్చాడు. ఆ రోజు ఏదో ఒకటి అనేసి ఉంటే తర్వాతి ముప్ఫై ఏళ్ళు వేరేగా గడిచేవేమో. అతనికి మాట వెంటనే నోటికి రాదు. రాత్రి పక్క మీద పడుకున్నాక వస్తుంది, అప్పటికి మామగారు గురక పెడుతుంటారు.

మాటలు రాని చోట అతను చెక్క పట్టుకున్నాడు. కొట్టు వెనక బస్తాల గదిలో ఒక మూల, ఆదివారాలు, కూర్చుని పని చేసుకునేవాడు. దేవదారు అంటే ఈ అకితా ప్రాంతంలో ఊరికే దొరికే కలప. కోత మిల్లు దగ్గర అడిగితే పొట్టి ముక్కలు నవ్వుతూ ఇచ్చేస్తారు. మొదట చేసింది భార్య కజుయో కోసం. ఆమె పొట్టి మనిషి. ఇంట్లో దేవుడి అర ఎత్తుగా ఉంటుంది, రోజూ అక్కడ నీళ్ళు మార్చాలంటే మునివేళ్ళ మీద లేచి, నీళ్ళు చేతి మీద ఒలకబోసుకునేది. ఆమె ఎక్కి నిలబడడానికి మెట్టుపీట చేద్దామనుకున్నాడు. చేయడమంటూ చేస్తే పాతకాలపు వడ్రంగులు చేసినట్టు నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకీ ఏటవాలుగా చాచి ఉండేట్టు చేయాలనుకున్నాడు. అలాంటి పీట ఎటు వంగినా పడదు. కాని దాని కాళ్ళలో ఒక్క మూల కూడా మూలమట్టానికి లొంగదు. ప్రతి కాలూ రెండు దిక్కులకి ఒకేసారి వాలి ఉంటుంది, దాని అడ్డకోత నలుచదరంగా ఉండదు, కొంచెం నలిగిన చతురస్రంలా ఉంటుంది. అది తెలియక మొదటి మూడు పీటలూ పొయ్యిలోకి పోయాయి. నాలుగోది నిలబడింది.

గెన్‌షిచి దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"కాళ్ళు చాపుకుని ఉచ్చ పోస్తున్న ఆవులా ఉంది," అన్నాడు. "దేవుడి ముందు పెట్టేదేనా ఇది?"

కజుయో మాత్రం దాన్నే వాడింది. ముసలాయన ఒక్కనాడూ దాని మీద కాలు పెట్టలేదు. ఆయనకి దేవుడి అరతో పని పడితే పెరట్లోంచి ఖాళీ బీరు సీసాల ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, బోర్లించి, పీట పక్కనే పెట్టుకుని ఎక్కేవాడు. డబ్బా కిర్రుమనేది. అల్లుడికి వినబడాలనే ఇంకొంచెం ఊగేవాడు.

ఏళ్ళు గడిచే కొద్దీ ఇంట్లో పీటలు పెరిగాయి. బట్టలారేసే చోటొకటి, వంటింట్లో ఒకటి, పెద్దల సమాధి రాయి కడగడానికి తీసుకెళ్ళే తేలికపాటిది ఒకటి. చుట్టుపక్కల వాళ్ళు కూడా అడిగి చేయించుకునేవాళ్ళు. పట్టుకెళ్తున్న వాళ్ళని గెన్‌షిచి గుమ్మంలోనే ఆపి, "ఎక్కేముందు ఇంట్లో అందరికీ చెప్పి ఎక్కండి," అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. తమోత్సు కూడా నవ్వాల్సి వచ్చేది.

బైపాస్ రోడ్డు మీద పెద్ద బజారు వచ్చాక బియ్యం కొట్టు మూతపడింది. అలాంటి కొట్లు జిల్లా అంతటా మూతపడ్డాయి. అసారి వాళ్ళది మాత్రం చేపలవాడి చేతిలో పెట్టినందుకే మూతపడిందని గెన్‌షిచి లెక్క. తమోత్సు సహకార సంఘం గోదాములో ఉద్యోగానికి చేరాడు. పగలంతా బస్తాలు ఎత్తే బండి నడిపి ఇంటికొస్తే, మామగారు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, "ఎవరి బియ్యం మోసొచ్చావు ఇవాళ?" అని అడిగేవాడు.

పోయిన ఏడాది చివర్లో, కొత్త సంవత్సరానికి దేవుడి అరకి కొత్త గడ్డితాడు కట్టబోయి, గెన్‌షిచి బీరు డబ్బా మీదనుంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆయనకి ఎనభై మూడేళ్ళు. పడ్డ చోట పక్కనే నాలుగు కాళ్ళ మీద పీట చెక్కు చెదరకుండా నిలబడి ఉంది.

వారం తిరక్కుండా ఊళ్ళో కథ ఇంకోలా నడిచింది. కటింగ్ షాపులో తల వంచి కూర్చున్న తమోత్సుని, కత్తెర ఆడిస్తూనే షాపు యజమాని నిషిమురా అడిగాడు.

"ఏం చెక్క వాడావయ్యా దానికి? పుచ్చిందా?"

"దేనికి?"

"అదే, ముసలాయన్ని పడేసినదానికి."

తమోత్సు సగం కత్తిరించిన తలతో లేచి వెళ్ళలేడు గనక కూర్చున్నాడు. అక్కడినుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాడు. గెన్‌షిచి ఉడికించిన గుమ్మడికాయ ముక్క చెంచాతో పొడుస్తున్నాడు.

"మీరు పడింది బీరు డబ్బా మీదనుంచి కదా, మామగారూ. ఆ మాట చెప్పొచ్చుగా."

"పీట మీదనుంచి పడ్డానని ఎవరితోనన్నా అన్నానా?"

"మరి ఏమన్నారు?"

"ఎక్కడ పడ్డావని అడిగితే, అల్లుడి పీట దగ్గర అన్నా. అబద్ధమా? దాని పక్కనేగా పడ్డాను." గుమ్మడికాయ ముక్కని నోట్లో పెట్టుకున్నాడు. "దీన్లో ఉప్పు లేదు. నీ మొహంలాగే ఉంది."

ఆపరేషన్ చేశారు. లోపల లోహపు కీలు పెట్టారు. ఓనుకి అనే ఫిజియోథెరపిస్టు, కజుయోని, తమోత్సుని కూర్చోబెట్టి సంగతి చెప్పింది. వయసులో చిన్నదే, కాని మాట నాన్చదు. ఇంటి గుమ్మంలోంచి చెక్కనేల మీదికి ఆయన తన కాళ్ళతో ఎక్కగలిగితే ఇంటికి పంపుతారు. ఎక్కలేకపోతే నది అవతలి వృద్ధుల ఆశ్రమంలో మంచం ఖాళీగా ఉంది, అక్కడికి. పాత బియ్యం కొట్టు ఇల్లు గనక లోపలి నేల బాగా ఎత్తు. బయటి తలుపు తీయగానే ఉండే, బూట్లు విడిచే సిమెంటు పల్లంలోంచి మామూలు మనిషి కూడా మోకాలి మీద చెయ్యి పెట్టుకుని ఎక్కాలి. ఇనుప మెట్లు అద్దెకు దొరుకుతాయని బొమ్మల పుస్తకం చూపించింది.

గెన్‌షిచి ఆ పుస్తకాన్ని దుప్పటి కిందికి తోసేశాడు. "ఆ ఇనుప సామాను నా గుమ్మంలో పెట్టారంటే నేను లోపలికి రాను. మంచులోనే కూర్చుంటా. చూసేవాళ్ళు చూస్తారు."

ఇంటికి వచ్చాక కజుయో ముల్లంగి తొక్క తీస్తూ అంది, "మీరు చెయ్యండి."

"నేను చేసినదాని మీద ఆయన ఎన్నడన్నా కాలు పెట్టారా?"

"ఇప్పుడు పెడతారు. పెట్టకపోతే వెళ్ళిపోవాలి. ఆ సంగతి ఆయనకీ తెలుసు."

"వెళ్ళిపోతే ఏమవుతుంది?"

ముప్ఫై ఏళ్ళలో ఆ మాట అతను పైకి అనడం అదే మొదలు. కజుయో కత్తి ఆగలేదు. పొడవాటి తొక్క తెగకుండా కిందికి దిగుతూనే ఉంది.

"ఏమవుతుంది? నేను రోజూ వంతెన దాటి వెళ్ళొస్తాను. ఇంట్లో మీరు ఒక్కరే కూర్చుంటారు. మొదట పడేశాడు, తర్వాత పంపేశాడని ఊరంతా అంటారు. ఆ మాట మీరు చచ్చేదాకా మొయ్యాలి. మొయ్యగలరనుకుంటే సరే, ఆ పీట చెయ్యకండి."

అతను చేశాడు. ప్రేమతో కాదు. ఎవడూ వేలు పెట్టి చూపలేనంత గట్టిగా చేసి ఆ ముసలాయన నోరు మూయించాలని చేశాడు. కోపం ఉన్నప్పుడు చిత్రిక చెక్క మీద లోతుగా దిగుతుంది, చెక్క పెచ్చులుగా లేస్తుంది. అందుకని పొద్దున్నే, ఇంకా ఎవరి మాటా చెవిన పడకముందు, బస్తాల గదిలో చిత్రిక పట్టేవాడు. నోట్లోంచి ఆవిరి వచ్చేంత చలి. చిత్రికని తన వైపుకి లాగిన ప్రతిసారీ పల్చటి పొర ఒకటి చుట్టుకుంటూ లేచేది. గరుకు కాగితం ముట్టుకోలేదు. అద్దంలా తేలిన దేవదారుకి రంగు అక్కర్లేదు.

ఈసారి రెండు మెట్ల పీట. పక్కలకి మాత్రమే కాళ్ళు చాచాడు. ముందుకి చాస్తే ముసలి కాలు తగులుకుంటుంది. ఎక్కే పలకల్లో చెట్టు బెరడు వైపు పైకి వచ్చేట్టు పెట్టాడు. గుండె వైపు పైకి పెడితే కొన్నేళ్ళకి చెక్క పొరలుగా లేచి మేజోళ్ళలో గుచ్చుకుంటుంది. తీరా అంతా అయ్యాక తనే మేజోళ్ళతో ఎక్కి చూస్తే పాదం జారింది. చిత్రిక మరీ బాగా పట్టాడు. అంత నున్నటి పని మీద గీకుడు బ్రష్షు పెట్టడానికి చేతులు రాలేదు, అయినా పెట్టాడు. గడ్డివేళ్ళ మోటు కట్టతో రుద్దితే చెక్కలోని మెత్తటి చారలు అరిగి, గట్టి చారలు పైకి తేలాయి. పాదం పట్టు దొరికింది. నూలు మేజోళ్ళతో ఎక్కాడు, ఉన్నివాటితో ఎక్కాడు, మామగారు తొడుక్కునే అయిదువేళ్ళ మేజోళ్ళు కజుయోనడిగి తెచ్చుకుని అవి కూడా తొడుక్కుని ఎక్కాడు. బియ్యం బస్తా ఒక అంచున నిలబెట్టి తిరగబడుతుందేమో చూశాడు. గుమ్మం స్తంభానికి పట్టుకునే కర్ర ఒకటి బిగించి, తన బరువంతా దానికి వేలాడదీశాడు. పసిబిడ్డ మొదటిసారి లేచి నిలబడే గదిలో ఏ మూల ఏది గుచ్చుకుంటుందోనని నేల మీద పాకుతూ వెతికే తల్లిలా, ఆ పల్లంలో మోకాళ్ళ మీద తిరిగాడు. ఎవరి కోసం తిరుగుతున్నాడో గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండేది.

ఆసుపత్రికి వెళ్ళి ముసలాయన కాలు ఎంత లేస్తుందో కూడా చూసుకున్నాడు. సాధన గదిలో గెన్‌షిచి ఆసుపత్రి వాళ్ళిచ్చిన తేలిక బూట్లతో, పక్క కడ్డీలు పట్టుకుని, చెక్కమెట్లు ఎక్కి దిగుతున్నాడు. బాగానే ఎక్కుతున్నాడు. అల్లుడి చేతిలో కొలత టేపు చూసి ఆగాడు.

"కొలుస్తున్నావా? శవపేటికకేనా?"

"మెట్టుకి."

"కొలతలు సరిగ్గా తీసుకో. పొట్టిదై కాళ్ళు బయటికొస్తే ఊళ్ళో పరువు పోతుంది."

ఓనుకి నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. తమోత్సు టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

పరీక్ష రోజున పొద్దుటినుంచీ మంచు. కారు ఆగిన చోటినుంచి గుమ్మం దాకా తమోత్సు పారతో మంచు ఎత్తి దారి చేశాడు, రబ్బరు బూట్లతో వెనకే నిలబడ్డాడు. చక్రాల కుర్చీని ఓనుకి పల్లంలోకి తోసింది. కజుయో మెట్టుపీటకి అవతల, పై నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని తండ్రి కోసం చూస్తోంది. గెన్‌షిచి చేతికర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. చాలాసేపు పీట వంక చూశాడు.

"పైన ఏమిటా గరుకు? కుక్క నమిలిందా?"

"జారకుండా, నాన్నా," అంది కజుయో.

"మీరు ఎక్కండి, అసారిగారూ," అంది ఓనుకి. "ఆసుపత్రిలో ఎక్కినట్టే. మంచి కాలు ముందు."

ముసలాయన కాలు ఎత్తబోయి ఆపాడు. కిందికి చూసుకున్నాడు. కాళ్ళకి బూట్లున్నాయి.

ముందర పీట ఉంది. తెల్లటి చెక్క. దాని మీదికి బూట్లతో ఎక్కడమన్నది ఆయన ఎనభై మూడేళ్ళలో చేయని పని. విప్పాలని వంగబోయాడు. కొత్త తుంటితో అంత వంగకూడదని ఓనుకి చటుక్కున భుజం పట్టుకుంది. మడమతో మడమ తొక్కి విప్పబోయాడు. ఒంటికాలి మీద ఊగి, స్తంభం పట్టుకున్నాడు. మొహం పాలిపోయింది.

"కుర్చీలో కూర్చోండి, నేను విప్పుతాను," అంది ఓనుకి.

"విప్పి? మేజోళ్ళతో ఈ పల్లంలో నిలబడనా? ఊళ్ళోవాళ్ళ బూట్ల బురద తొక్కుకుంటూ, ఆ కాళ్ళతో పైకి రానా?"

"కింద పట్టా పరుస్తా, నాన్నా."

"పట్టా జారుతుంది," అంది ఓనుకి. ఆ మాట అనడం ఆమెకి ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. ఆమె కళ్ళు మూసుకుంది. "నా తప్పు. సాధనంతా బూట్లతోనే చేయించాను. ఇంట్లో బూట్లుండవన్న సంగతి..."

తమోత్సు కూడా అదే సంగతి ఆలోచిస్తున్నాడు. మూడు రకాల మేజోళ్ళతో ఎక్కి చూశాడు. బస్తా నిలబెట్టి చూశాడు. ఎక్కే మనిషి అప్పటికే బూట్లు విప్పేసి ఉంటాడనే అనుకున్నాడు, ఎలా విప్పుతాడన్నది ఒక్కసారీ తట్టలేదు. చెక్క అన్నాక దాని మీదికి బూటు రాదు. అది లెక్కల్లోకి రావలసిన విషయంలా కూడా అతనికి కనబడలేదు.

"ఇవాళ్టికి వద్దేమో," అంది ఓనుకి మెల్లగా. "ఆశ్రమం వాళ్ళు రేపటిదాకే మంచం ఆపుతామన్నారు. ప్రస్తుతానికి అక్కడ ఉండి, తర్వాత..."

"తర్వాత అంటే నాకు తెలుసులేమ్మా," అన్నాడు గెన్‌షిచి.

గొంతులో ఎప్పటి వెటకారం లేదు. ఆయన తన ఇంటి పై నేల వైపు చూస్తున్నాడు. అక్కడికి రెండడుగుల దూరం. కజుయో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒక్క మాట మాట్లాడకుండా నిలబడితే చాలునని తమోత్సుకి తెలుసు. పీట గట్టిగా ఉంది, ఊగలేదు, విరగలేదు. తన వంతు సరిగ్గా చేశాడు. ముసలాయన తన పట్టుదలతో తనే వెళ్ళిపోతున్నాడు. ఊళ్ళోవాళ్ళు ఏమన్నా సరే, రేపటినుంచి భోజనాల దగ్గర ఎవరి బియ్యం మోసొచ్చావని అడిగేవాడు ఉండడు.

అతను ముందుకి నడిచి రబ్బరు బూటుని మొదటి మెట్టు మీద పెట్టాడు.

కజుయో గట్టిగా ఊపిరి పీల్చింది. రెండో బూటు రెండో మెట్టు మీదికి వచ్చింది. బూట్ల అడుగు గాడుల్లో దూరిన మంచు, రోడ్డు మీది నల్లటి బురద, కలిసి కరిగి, రంగెరుగని చెక్కలోకి ఇంకిపోయాయి. ఎన్ని పొద్దులు చిత్రిక పట్టాడో ఆ చెక్కకి. అక్కడే నిలబడి, ఇంకొంచెం అటూ ఇటూ తొక్కాడు.

"ఇది పల్లమే. ఇంట్లో భాగం కాదు," అన్నాడు. "బూట్లతో ఎక్కండి. పై నేల అంచున కూర్చోండి. అప్పుడు విప్పండి."

గెన్‌షిచి ఆ బురద మరకల వంక చూశాడు.

"పశువుల కొట్టంలో పుట్టినవాడా. ఎవడన్నా చెక్కని బూట్లతో తొక్కుతాడా?"

"తొక్కేశాను. ఇక అది చెక్క కాదు. మీరేం పాడు చెయ్యక్కర్లేదు, అన్నీ నేనే పాడు చేశా." తమోత్సు కిందికి దిగి పక్కకి తప్పుకున్నాడు. "ఎక్కరా? అయితే కారు వేడిగా ఉంది, వంతెన అవతల దింపుతాను."

ముసలాయన అల్లుడి వంక చూశాడు. ఇలా ఎదురు నిలబడి మొహంలోకి ఎప్పుడన్నా చూశాడో లేదో. తర్వాత బిగించిన కర్రని పట్టుకున్నాడు. మంచి కాలు మొదటి మెట్టు మీదికి వచ్చింది. రెండో కాలు దాని పక్కకి చేరింది. పీట కిర్రుమనలేదు. మళ్ళీ ఒక మెట్టు. తిరిగి, కజుయో చేతుల మధ్యగా, పై నేల అంచున బరువుగా కూర్చున్నాడు. గస పెడుతున్నాడు. నుదురు చలిలో కూడా చెమట పట్టింది.

కూర్చున్న మనిషి కాళ్ళనుంచి బూట్లు కూతురు తీసింది. ఓనుకి మళ్ళీ తొడిగించి దిగమంది, దిగాడు. ఇంకోసారి ఎక్కమంది, ఎక్కాడు. ఆ రెండోసారి ఆయన బూటు, కావాలనో కాకో, మెట్టు మధ్యలో కాస్త గట్టిగానే పడింది. ఆమె తన కాగితంలో ఏదో రాసుకుని, "ఆశ్రమానికి ఫోన్ చేసి మంచం అక్కర్లేదని చెప్తాను," అని బయటికి వెళ్ళింది. పల్లంలో ఆమె లేకపోయేసరికి ముగ్గురికీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం కష్టమైంది.

కజుయో లోపలికి వెళ్ళి తడిగుడ్డ పిండుకుని వచ్చింది. పీట ముందు వంగబోతే తండ్రి చేతికర్ర అడ్డం పెట్టాడు.

"తుడవకు."

"ఎందుకు నాన్నా, మరక పడిపోతుంది."

"పడనీ. గుమ్మంలోకి వచ్చినవాడల్లా చూడాలి, ఈ ఇంటికి ఎలాంటి మనిషిని తెచ్చుకున్నానో."

ఈసారి తమోత్సుకి మాట వెంటనే వచ్చింది.

"చూడనివ్వండి. నా బూటు పక్కనే మీది కూడా ఉంది. ఏది ఎవరిదో మీరే చెప్పుకోండి."

గెన్‌షిచి మొహం పక్కకి తిప్పి, వంటింటి వైపు చూస్తూ కూతుర్ని కసిరాడు.

"మనిషి ఇంటికొచ్చి ఇంతసేపైంది. టీ అన్నా ఇస్తారా, అది కూడా నది అవతలికి పంపేశారా?"

కజుయో గుడ్డ పట్టుకునే వంటింట్లోకి వెళ్ళింది. తమోత్సు కాళ్ళకి బూట్లు ఇంకా ఉన్నాయి. ఓనుకి కారు వెనక మళ్ళీ మంచు పేరుకుంటోంది. గోడకి ఆనించిన పార తీసుకుని అతను బయటికి నడిచాడు.